కట్టు విప్పిన రోజు

పోయిన వారం మనం నర్గీస్‌ని మధురవాడలో, డాక్టర్ ఆశాజ్యోతి ఎదుట, బల్ల మీద రెండు చేతులూ చాపుకొని కూర్చున్న చోట వదిలి వచ్చాం. ఆమె కుడి మణికట్టుకి చిటికెనవేలి వైపున్న నొప్పి ఈనాటిది కాదు. వన్ టౌన్‌లో పోర్టు కూలీలకీ, ఫ్యాక్టరీ పనివాళ్ళకీ యూనిఫాంలు కుట్టే దుకాణంలో పదేళ్ళుగా ఆమె కటింగ్ మాస్టర్. నాలుగైదు పొరల మందపాటి బట్టని పెద్ద కత్తెరతో కోసే చెయ్యి అది. ఆ నొప్పిని ఒక డాక్టరు నరం అన్నాడు. ఇంకొకాయన వాతం అన్నాడు. మూడో ఆయన పట్టీ వేయించి, ఇంజెక్షన్ పొడిచి, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నాడు. ఆశాజ్యోతి మాత్రం ఎక్స్‌రే చూసీ చూడగానే, "చిన్నప్పుడు ఈ చెయ్యి విరిగిందా?" అని అడిగింది. విరిగింది, అంది నర్గీస్. "కట్టు ఎవరు కట్టారు?" అన్నప్పుడు మాత్రం ఆమె నోరు పెగల్లేదు.

పెగలదు మరి. వన్ టౌన్ నుంచి ఆనందపురం దాకా ఎవరికి చెయ్యి విరిగినా, కాలు బెణికినా తలుచుకునే పేరు కట్ల కరీం. ఆ కరీం ఆమె కన్నతండ్రి.

"మా నాన్నే, మేడమ్," అంది చివరికి.

ఆశాజ్యోతి రెండు చేతుల ఎక్స్‌రేలనీ వెలుగుపెట్టె మీద పక్కపక్కన తగిలించింది.

"ముంజేతిలో రెండెముకలుంటాయమ్మా. బొటనవేలి వైపొకటి, చిటికెనవేలి వైపొకటి. మణికట్టు దగ్గరకొచ్చేసరికి రెండూ ఇంచుమించు ఒకే మట్టంలో ఆగాలి. నీ ఎడమచెయ్యి చూడు, ఆగాయి. ఇప్పుడు కుడిచెయ్యి చూడు."

చూడమని చెప్పక్కర్లేదు. కొలతలతో బతికే మనిషి నర్గీస్. టేపు లేకుండానే తేడా తెలిసిపోయింది.

"అర సెంటీమీటరు పొడుగుంది మేడమ్, చిటికెనవేలి వైపుది."

"పొడుగెక్కింది కాదు, పక్కది పొట్టిగా ఆగిపోయింది. పిల్లల ఎముకల చివర ఎదిగే పొర ఒకటుంటుంది. నీకు దెబ్బ తగిలింది సరిగ్గా దానికే. అక్కణ్ణించి ఆ ఎముక పెరగడం మానేసింది, దీని మానాన ఇది పెరిగిపోయింది. ఈ ఎముకకీ మణికట్టుకీ మధ్య మెత్తలాంటిదొకటి ఉంటుంది. పాతికేళ్ళుగా ఈ ఎముక దాన్ని గుద్దుతూనే ఉంది. ఎమ్మారైలో చూస్తే చిరిగిపోయి కనిపిస్తోంది. బట్ట పిండినా, తాళం తిప్పినా, చెయ్యి ఆనించి లేచినా నొప్పి అంటున్నావు చూడు, అంతా అందుకే."

నర్గీస్ ఆ నల్లటి ఫిల్ము మీద తేడా ఉన్న చోట వేలు పెట్టి చూసింది. తర్వాత డాక్టరు ఊహించని ప్రశ్న ఒకటి వేసింది.

"అయితే నొప్పి ఉందని నాను అబద్ధం ఆడలేదు కదా మేడమ్?"

"అదేం ప్రశ్నమ్మా?"

"ఊరికే అడిగాను."

ఊరికే అడగలేదు. పదకొండేళ్ళ వయసులో మొదలైంది ఆ మాట. గిన్నెలు తోమమంటే చెయ్యి నొప్పంటుంది, పనిదొంగ. పిండి పిసకమంటే చెయ్యి నొప్పంటుంది, వేషాలు. పెళ్ళయి అత్తారింటికి వెళ్తే అక్కడా అదే పాట. పద్నాలుగు నెలలు చూసి, తడి దుప్పటి పిండలేని పెళ్ళాం నాకెందుకని భర్త వసీం తీసుకొచ్చి దింపేశాడు. దింపిన రోజు గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అన్నాడు: "చేతకానిదాన్ని అంటగట్టారు." ఆ మాటకి కరీం తల దించుకున్నాడు. అల్లుడన్న మాటకి సిగ్గుపడ్డాడు కాబోలని ఇన్నాళ్ళూ అనుకుంది నర్గీస్.

"కట్టు సరిగ్గా కట్టకపోవడం వల్లేనా మేడమ్ ఇదంతా?"

"అలా తేల్చి చెప్పలేను. ఎంత పెద్ద ఆస్పత్రిలో చూపించినా కొందరు పిల్లల్లో ఆ పొర ఆగిపోతుంది. ఎన్నిసార్లు లాగారు నీ చెయ్యి, గుర్తుందా?"

గుర్తులేకేం. నోట్లో కుక్కిన గుడ్డ రుచి కూడా గుర్తుంది.

"మూడుసార్లు. పడిన రోజు ఒకసారి. మూడు వారాలకి కట్టు ఇప్పారు. ఇప్పిన రోజే మళ్ళీ లాగారు. ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ."

ఆశాజ్యోతి పెన్ను మూత పెట్టి పక్కన పడేసింది. "వారం పది రోజులు దాటాక మళ్ళీ లాగకూడదమ్మా. అప్పటికే అతుక్కుంటున్న పొర నలిగిపోతుంది. సరే, తెలియక లాగారనుకుందాం. ఆ తర్వాత ఏడాదిలోపు ఎవరైనా ఒక్క ఎక్స్‌రే తీయించి ఉంటే బయటపడేది. అప్పుడే చిన్న ఆపరేషన్‌తో సరిపోయేది."

"ఇప్పుడు?"

"పట్టీ అయింది, ఇంజెక్షన్ అయింది. మిగిలింది ఒక్కటే. పొడుగున్న ఎముకలోంచి చిన్న ముక్క కోసి తీసేసి, ప్లేటు పెట్టి బిగిస్తాను. వచ్చే సోమవారం రా. మూడు నెలలు కత్తెర ముట్టుకోకూడదు. నొప్పి చాలావరకు పోతుంది. మొత్తం పోతుందని మాటివ్వను."

బస్సులో నర్గీస్‌కి కిటికీ పక్కన సీటు దొరికింది. ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకొని, తెలియక లాగారనుకుందాం, అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తెలియకే. అబ్బాకి చదువు లేదు. వాళ్ళ తాత చేసింది చూసి నేర్చుకున్నాడు. తెలిసి ఏ తండ్రి చేస్తాడు? ఈ సమాధానం ఆమెకి కొంచెం ఓదార్పుగానే ఉంది. ఇంటికెళ్ళి నెమ్మదిగా చెప్పాలి. ఆయనది తప్పని చెప్పకూడదు. ముసలాయన, బాధపడతాడు.

ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ముందు గదిలో రోగుల బెంచీ ఖాళీగా ఉంది. కరీం చాప మీద కూర్చుని గిన్నెలో మినప్పిండీ గుడ్డు తెల్లసొనా కలుపుతున్నాడు. పక్కన వెదురు బద్దలు, పాత చీరల పేలికలు. లోపలి గదికీ ఈ గదికీ మధ్య పరదా. దాని వెనక తల్లి రసూల్ బీ ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు.

"ఏటన్నాది మీ డాక్టరమ్మ? కొయ్యాలన్నాదా?" తలెత్తకుండా అడిగాడు కరీం.

"కొయ్యాలన్నాది అబ్బా."

"అనకేటి సేత్తాది? కొయ్యకపోతే ఆల్ల మేడలు లెగుత్తాయా?"

నర్గీస్ ఎక్స్‌రే తీసి చాప మీద పెట్టింది. "ఓపాలి ఇది సూడు. రెండెముకలూ ఒక మట్టంలో లేవు..."

"ఫొటోలు నాకెందుకు? నలభై ఏళ్ళ బట్టీ నా వేళ్ళే నాకు ఫొటోలు. ఇలా తే సెయ్యి."

పిండి చేతిని పేలికకి తుడుచుకొని ఆమె కుడిచెయ్యి తీసుకున్నాడు. మధురవాడలో ఆశాజ్యోతి ఆ చేతిని ముందు వంచింది, తిప్పింది, కుర్చీ చేతుల మీద బరువేసి లేవమంది, పిడికిలి బిగించమంది. అరగంట వెతికితేగానీ నొప్పి పుట్టే చోటు ఆమె వేలికి దొరకలేదు. అంతకుముందు ముగ్గురు డాక్టర్లకి ఆ మాత్రం కూడా దొరకలేదు. కరీం బొటనవేలు ఎక్కడా తడుముకోలేదు. చిటికెనవేలి వైపు ఉబ్బెత్తు ఎముక దాటగానే ఉన్న చిన్న గుంటలోకి తిన్నగా దిగి నొక్కింది.

నర్గీస్ కెవ్వుమంది.

"సూశావా? నరం పట్టీసింది. నాలుగు రోజులు నూనె రాసి..."

"నీకెలాగ తెలుసు?"

"ఏటి?"

"నొప్పెక్కడో నాను సెప్పలేదు. నువ్వూ అడగలేదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తిన్నగా అక్కడికే ఎలాగెల్లింది నీ వేలు?"

కరీం చెయ్యి వదిలేశాడు. గిన్నె దగ్గరికి లాక్కొని మళ్ళీ పిండి కలపడం మొదలెట్టాడు. అది అప్పటికే కలిసిపోయి ఉంది.

"నలభై ఏళ్ళ అలవాటు. ఎముక పట్టుకుంటే సెప్పీత్తాది."

"మరి పాతికేళ్ళ బట్టీ నొప్పి నొప్పని నాను మొత్తుకుంటంటే ఒక్కసారీ ఎందుకు పట్టుకు సూడలేదు? పనిదొంగనని తిట్టావు గానీ, ఇలా తే సెయ్యి అని ఒక్కనాడూ అనలేదేటి?"

పరదా వెనక ఉల్లిపాయలు తరిగే చప్పుడు ఆగిపోయింది.

"తెలుసు గనకే పట్టుకోలేదు," అంది రసూల్ బీ లోపల్నుంచి.

"నువ్వు నోర్ముయ్!"

"మూసుకునే ఉన్నాను. పాతికేళ్ళు." పరదా కదల్లేదు, గొంతే వచ్చింది. "నీ కట్టు ఇప్పిన రోజు, నర్గీస్, మీ అబ్బా నీ రెండు సేతులూ పక్కపక్కన ఎట్టి సానాసేపు సూశాడు. నువ్వు నిద్దరోతన్నావు, ఏడ్సి ఏడ్సి. 'ఎముక నిలబడలేదే' అన్నాడు నాతోటి. పెద్దాసుపత్రికి తీసుకెల్దామన్నాను. ఊరంతా సూత్తాదన్నాడు. సొంత కూతురికే కట్టలేకపోయాడంటారన్నాడు. అప్పుడే మల్లీ లాగాడు. నాలుగు రోజులకి మల్లీ లాగాడు. నీ బుజాలు పట్టుకున్నది నానే."

నర్గీస్ గోడకి చేరగిలబడింది. బస్సులో ఆమె సిద్ధం చేసుకున్న మంచి మాటలన్నీ ఒక్కొక్కటే పనికిరాకుండా పోయాయి. తెలియక కాదు. తెలిసే.

"అల్లా రాశాడు," అన్నాడు కరీం, గిన్నెతో చెబుతున్నట్టు. "మనమేటి సేత్తాం? ఆడపిల్లవి, ఇంట్లో ఉంటావు, సిన్న వంకరేలే అనుకున్నాను."

"రాసింది అల్లా అయితే, దాసింది నువ్వు కదా అబ్బా."

"ఏటి దాశాను? నా పేరు పోతే మీరంతా ఏటి తినీవోలు? నిన్నూ, నీ తమ్ముణ్ణీ..."

"తమ్ముడి మాట నువ్వెత్తకు," అంది పరదా వెనక గొంతు.

నర్గీస్ అటు తిరిగింది. "తమ్ముడేటి? అమ్మీ, అల్తాఫ్ సంగతేటి?"

పరదా వెనక రసూల్ బీ కత్తిపీట పక్కకి జరిపింది.

"నీ సెయ్యిరిగిన రెండేళ్ళకి అల్తాఫ్ ఆనందపురం ఎల్లాడు, జ్ఞాపకముందా? ఏసంగి సెలవలంతా అక్కడే ఉన్నాడు."

జ్ఞాపకం లేకపోవడమేం. పిన్నమ్మ ఇంట్లో కోడిపిల్లలుంటాయని, జీడితోట ఉందని, తననీ పంపించమని నర్గీస్ మూడు రోజులు ఏడ్చింది. నువ్వెళ్తే ఇంట్లో పనెవరు చేస్తారన్నారు.

"ఆడు సెలవలకెల్లలేదమ్మా. నువ్వు ఇంట్లో లేనప్పుడు మేడ మెట్ల మీంచి పడి సెయ్యిరగ్గొట్టుకున్నాడు. మీ అబ్బా ఈ బద్దల్ని ముట్టుకోలేదు. ఈ పిండి కలపలేదు. తువ్వాల్లో సుట్టి, ఆటో ఎక్కించి, తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. తెల్ల కట్టుతోటి మన ఈదిలోకొత్తే అందరూ సూత్తారని, అట్నుంచటే ఆనందపురం తోలీశాడు. ఆ కట్టు తీసీదాకా ఆణ్ణి అక్కడే దాశాడు. ఎవులికీ సెప్పకని ఆడిసేత ఒట్టేయించుకున్నాడు. నాసేతా ఏయించుకున్నాడు."

అల్తాఫ్ ఇప్పుడు మధురవాడలోనే ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. ఏసీ గదిలో కుర్చీ. పండక్కి వచ్చినప్పుడు అక్క చేతి పట్టీ చూసి, "ఇంకా తగ్గలేదా ఆపా?" అని అడుగుతాడు. అడిగి వేరే వైపు చూస్తాడు. ఆ చూపు ఎందుకు తప్పుకుంటుందో నర్గీస్‌కి ఇవాళ అర్థమైంది.

"నిజమేనా?" అని అడిగింది తండ్రిని.

"ఆడు మగపిల్లాడే," అన్నాడు కరీం. ఈసారి తలెత్తాడు. కోపంగా లేడు, నిజంగానే ఆమెకి ఈ చిన్న విషయం ఎందుకు బోధపడటం లేదో తెలియనట్టు చూశాడు. "రేపు సెయ్యాడకపోతే ఎలాగ బతుకుతాడు?"

"నాను దేంతోటి బతకతన్నాను అబ్బా?"

పదేళ్ళుగా ఆ ఇంట్లో బియ్యమూ, ఆయన మోకాళ్ళ మాత్రలూ ఏ చేత్తో కోసిన బట్టల మీద నడుస్తున్నాయో ముగ్గురికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. ఖాకీ చొక్కా మనిషి ఒకడు ఎనిమిదేళ్ళ పాపని ఎత్తుకొని గాభరాగా లోపలికొచ్చాడు. వచ్చిన ఆటో తిరిగి వెళ్ళిపోయింది. వచ్చింది దొరబాబు, పోర్టులో పనిచేస్తాడు. గోదావరి మనిషి. కిందటేడు బొటనవేలికి కరీం దగ్గరే కట్టించుకున్నాడు.

"సాయిబు గారండీ! పాప సైకిలు మీంచి పడిపోయిందండీ. చెయ్యి ఆన్చుకుందంటండి, చూడండి ఎలా వాచిపోయిందో."

పాప కుడి మణికట్టు ఒక పక్కకి తిరిగి, ఉబ్బి ఉంది. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది.

కరీం మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. ఎంతసేపైంది, ఒక మనిషి తనకేసి నమ్మకంగా చూసి! వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. "భయపడకు దొరబాబూ. అలా కూసోబెట్టు. ఇరవై ఒక్క రోజుల్లో మల్లీ సైకిలెక్కుతాది." ఎక్స్‌రేని మోకాలితో పక్కకి నెట్టి, వెదురు బద్దలు ఏరి దగ్గర పెట్టుకున్నాడు. పేలిక ఒకటి ఉండలా చుట్టాడు, పాప నోట్లో పెట్టడానికి. తర్వాత, ఇంతసేపూ అక్కడ ఏమీ జరగనట్టు, మామూలు గొంతుతో అన్నాడు:

"నర్గీస్, పాప బుజాలు పట్టుకో."

నర్గీస్ కదల్లేదు. పాప వేళ్ళ వైపు చూసింది. అవి ఇంకా ఎదగాల్సిన వేళ్ళు.

"అన్నయ్యా, కట్టించకండి," అంది దొరబాబుతో. "ఆస్పత్రికి తీసుకెల్లి ఎక్స్‌రే తీయించండి. పిల్లల ఎముక వేరండి. ఎదిగే చోట ఇరిగిందేమో, ఫొటో తీస్తేగానీ తెల్దు. ఇక్కడ లాగితే..." తన చెయ్యి ఎత్తి చూపించబోయింది.

దొరబాబు బిత్తరపోయాడు. నర్గీస్ మొహం, కరీం మొహం మార్చి మార్చి చూశాడు. "అదేంటండీ? మీరు సాయిబు గారి అమ్మాయే కదండీ?"

కరీం నవ్వాడు. రోగుల దగ్గర మాత్రమే నవ్వే, బెల్లం లాంటి నవ్వు.

"పట్టించుకోకు దొరబాబూ. మొగుడొగ్గీసిన కాణ్నుంచి మా పిల్లకి బుర్ర సరిగ్గా లేదు. పాపం, అప్పుడప్పుడిలా ఏదో ఒకటి అంటాది."

పనిదొంగ అన్నప్పుడు ఏడుపొచ్చేది. చేతకానిదన్నప్పుడు సిగ్గేసింది. ఈ మాటకి నర్గీస్‌కి ఏదీ రాలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దొరబాబు కళ్ళలో ఆమె మీద జాలి కనిపించింది. ఆ జాలితోనే అతను పాపని కరీం ముందుకి జరిపాడు.

పరదా ఒక్క విసురున పక్కకి పోయింది.

బయటి రోగులున్న వేళ రసూల్ బీ ఆ గదిలో అడుగుపెట్టడం నలభై ఏళ్ళలో ఎవరూ చూడలేదు. చేతుల నిండా ఉల్లిపాయ పొట్టు. కొంగు తలమీదికి సర్దుకొని, తిన్నగా వచ్చి చాప మీద పాపకీ కరీంకీ మధ్య కూర్చుంది. పాప తల తన ఒళ్ళోకి తీసుకుంది. చుట్టిన పేలికని తీసి వీధి వైపు విసిరేసింది.

"బాబూ, ఆటో పిలు," అంది దొరబాబుతో. "నా కూతురికి బుర్ర బాగానే ఉంది. పెద్దాసుపత్రికి పోదాం. దారి నాకు తెలుసు, నానూ వత్తాను."

"లోపలికెల్లు," అన్నాడు కరీం, పళ్ళ మధ్యనుంచి.

"ఎల్లను."

"రసూల్ బీ!"

"ఎల్లనన్నాను."

దొరబాబు పాపని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక, ఆటో కోసం గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అప్పటికే లేచి నిలబడి ఇటే చూస్తున్నారు.

మోకాళ్ళ నొప్పుల మనిషి కరీం. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అలాంటివాడు ఎవరి సాయమూ లేకుండా లేచాడు. దొరబాబుని దాటుకొని వెళ్ళి, రెండు తలుపులూ దగ్గరికి లాగి మూసి, వాటికి వీపు ఆనించి నిలబడ్డాడు. పిండి అంటిన చేతులు రెండు పక్కలా తలుపులకి ఆన్చాడు.

"ఈ ఇంట్లోకొచ్చిన సెయ్యేదీ నా కట్టు లేకుండా బయటికెల్లలేదు," అన్నాడు. "ఇయ్యాల కూడా ఎల్లదు. పాపని కింద కూసోబెట్టు దొరబాబూ."